పడిలేచిన ఏడడుగుల మనిషి

మార్చి నెల వచ్చిందంటే ఈ దేశంలో కాలేజీ బాస్కెట్‌బాల్ పండగ మొదలవుతుంది. ఆఫీసుల్లో ఏ కాలేజీ గెలుస్తుందో కాగితాల మీద రాసుకుంటారు. ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ డాక్టర్లు రౌండ్ల మధ్య స్కోరు అడిగి తెలుసుకుంటారు. మన ఇళ్ళల్లో పెద్దలకు క్రికెట్ మీద ఎంత మమకారమో, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఈ ఆట మీద అంత మమకారం. గరాజ్ ముందు స్తంభం పాతి వలయం బిగించిన తెలుగువారి ఇళ్ళు ఇప్పుడు తక్కువేమీ కావు.

అయినా పిల్లవాడో, పిల్లో స్కూలు జట్టులో చేరతానంటే మనకు రెండు భయాలు పట్టుకుంటాయి. చదువు పాడవుతుందేమోనని ఒకటి, కాలో చెయ్యో విరుగుతుందేమోనని ఇంకొకటి. రెండూ అర్థం లేని భయాలు కావు. అయితే వాటికి జవాబు ఆట మాన్పించడమేనా? ఈ ప్రశ్న గురించి ఆలోచించేవారికి ఈ దేశపు కాలేజీ ఆటగాళ్ళలో అగ్రగణ్యుడైన ఒక మనిషి జీవితం పనికివస్తుంది. ఆయన పేరు బిల్ వాల్టన్. 2024 మే 27న, 71వ ఏట, క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆడిన ఆటల కంటే ఆడలేకపోయిన ఆటలే ఎక్కువైన ఆటగాడు. అయినా అతని జీవితాన్ని ఎవరూ వ్యర్థమైన జీవితమనరు. ఎందుకనరో చెప్పడానికే ఈ వ్యాసం.

లైబ్రేరియన్ గారి అబ్బాయి

వాల్టన్ 1952 నవంబరు 5న కాలిఫోర్నియాలో శాన్ డియేగో పక్కనున్న లా మేసా అనే ఊళ్ళో పుట్టాడు. తల్లి లైబ్రేరియన్. తండ్రి సాంఘిక సేవా విభాగంలో ఉద్యోగి, సంగీతం తెలిసినవాడు. ఇల్లంతా పుస్తకాలు, పాటలు. ఆటల పిచ్చి తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. కొడుకుల్లో ఇద్దరు మాత్రం దిట్టమైన ఆటగాళ్ళయ్యారు. అన్న బ్రూస్ ఫుట్‌బాల్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టు దాకా వెళ్ళాడు.

బిల్‌కు చిన్నప్పటి నుంచి రెండు ఇబ్బందులు. ఒకటి నత్తి. నాలుగు మాటలు కలిపి చెప్పాలంటే నోరు పెగిలేది కాదు. రెండోది పాదాలు. పుట్టుకతోనే వాటి నిర్మాణంలో లోపం ఉంది. నడుస్తున్నప్పుడు, ఎగిరి నేల మీద దిగుతున్నప్పుడు మన పాదం కొంచెం వంగి బరువును పంచుకుంటుంది. అతని పాదాలు అలా వంగేవి కావు, చెక్కపలకల్లా బిగుసుకుని ఉండేవి. ఈ సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. అతని కాళ్ళ వైపు కాక అందరూ అతని ఎత్తు వైపు చూశారు. ఒక్క అంగుళం తక్కువగా ఏడడుగులు! మన ఇళ్ళ గుమ్మాలన్నిటికీ తల వంచి నమస్కారం పెట్టి రావలసిన మనిషి. హైస్కూల్లో ఉండగానే మోకాలికి ఆపరేషన్ అయింది. అదే మొదటిది. జీవితం మొత్తం మీద అలాంటివి 30కి పైగా జరిగాయి.

మాట తడబడే కుర్రవాడికి బాస్కెట్‌బాల్ కోర్టే మాట్లాడే చోటు అయింది. హెలిక్స్ హైస్కూల్లో చివరి రెండేళ్ళలో అతని జట్టు వరుసగా 49 ఆటలు గెలిచింది. ఆ తరువాత లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ.లో చేరాడు.

మేజోళ్ళు తొడుక్కోవడం నేర్పిన గురువు

యు.సి.ఎల్.ఎ.లో కోచ్ జాన్ వుడెన్. ఇండియానా రాష్ట్రపు మనిషి, మొదట ఇంగ్లీషు మాస్టారు. 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్ళలో పదిసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించారు. అటువంటి మహానుభావుడు మొదటి రోజు ఏ రహస్యం చెబుతారోనని కొత్త కుర్రాళ్ళు చెవులు రిక్కించి కూర్చునేవారు. ఆయన ముందుగా వాళ్ళకు మేజోళ్ళు ఎలా తొడుక్కోవాలో, బూటు తాళ్ళు ఎలా బిగించాలో నేర్పేవారు. మేజోడులో ముడత ఉంటే పాదం బొబ్బలెక్కుతుంది, బొబ్బలెక్కితే ఆడలేవు, ఆడలేకపోతే జట్టుకు పనికిరావు. ఇదీ ఆయన తర్కం. వేదపాఠశాలలో మొదటి రోజు స్వరం నేర్పినట్లే ఇదీను. తరువాతి కాలంలో పాదాల వల్లనే సర్వస్వం పోగొట్టుకోబోయే కుర్రవాడికి మొదటి పాఠం పాదరక్షణ గురించే కావడం విధి వైపరీత్యం.

గురుశిష్యులిద్దరికీ అన్నిటిలోనూ పొత్తు కుదరలేదు. అవి వియత్నాం యుద్ధపు రోజులు. 1972లో యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో వాల్టన్ అరెస్టయ్యాడు. జుట్టు పెంచుకునే హక్కు తనకుందని ఒకసారి కోచ్‌తో వాదానికి దిగాడు. వుడెన్ గొంతు పెంచకుండా, నీ హక్కును కాదనను, జట్టులో ఎవరు ఉండాలో నిర్ణయించే హక్కు నాది, నువ్వు లేని లోటు మాకు తప్పకుండా తెలుస్తుంది అన్నారట. వాల్టన్ వెంటనే సైకిలెక్కి మంగలి దుకాణానికి పరుగెత్తాడు. ఆ కథను తరువాత పదిమందికీ నవ్వుతూ చెప్పింది అతనే. 2010లో, 99వ ఏట, వుడెన్ కన్నుమూసేవరకు వాళ్ళ స్నేహం చెడలేదు.

మన శాకాహారులు సంతోషించే విశేషం ఒకటుంది. ఆ వయసులోనే వాల్టన్ మాంసం మానేశాడు. తరువాత ఎముకలు విరిగినప్పుడు కొందరు ఆ నేరాన్ని కూరగాయల మీదకు నెట్టారు. అసలు కారణం కూరగాయలు కాదు, పాదాలు.

ఆటలో అతను సాధించినదేమిటో రెండు అంకెల్లో చెప్పవచ్చు. 1972లోనూ 1973లోనూ యు.సి.ఎల్.ఎ. ఒక్క ఆట కూడా ఓడకుండా, రెండేళ్ళూ 30కి 30 గెలిచి ఛాంపియన్ అయింది. 1973 మార్చి 26న సెయింట్ లూయిస్‌లో మెంఫిస్ స్టేట్‌తో జరిగిన ఫైనల్‌లో వాల్టన్ 22 సార్లు బంతి వేస్తే 21 సార్లు బుట్టలో పడింది. మొత్తం 44 పాయింట్లు. పైనుంచి బంతిని బుట్టలోకి కుక్కే డంక్ అప్పట్లో కాలేజీ ఆటలో నిషిద్ధం. 1967 నుంచి 1976 వరకు ఆ నిషేధం ఉంది. కాబట్టి ఆ 21 సార్లూ ఎత్తు ఒక్కటే కాదు, చెయ్యి, కన్ను కలిసి చేసిన పని.

చదువు మాటేమిటని మీరు అడుగుతారని తెలుసు. చరిత్ర ప్రధాన విషయంగా డిగ్రీ తీసుకున్నాడు. ఆటలోనూ చదువులోనూ కలిపి ముందున్న విద్యార్థులకిచ్చే అకడమిక్ ఆల్ అమెరికన్ గౌరవం మూడుసార్లు పొందాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

విరిగిన వెన్ను, విరిగిన పాదం

1974 జనవరిలో వాషింగ్టన్ స్టేట్ జట్టుతో ఆడుతూ గాలిలోకి ఎగిరిన వాల్టన్ కాళ్ళ కింద ప్రత్యర్థి ఆటగాడొకడు అడ్డం వచ్చాడు. వాల్టన్ వెన్ను మీద పడ్డాడు. వెన్నెముకలో ఎముకలు విరిగాయి. రెండు వారాలు కూడా గడవకముందే, జనవరి 19న, వెన్నుకు పట్టీ కట్టుకుని ఇండియానాలో నోటర్ డామ్ మీద ఆడాడు. ఆ రోజు మూడు నిమిషాలు మిగిలి ఉండగా యు.సి.ఎల్.ఎ. 70, నోటర్ డామ్ 59. ఆఖరుకు నోటర్ డామ్ వరుసగా 12 పాయింట్లు చేసి 71-70తో గెలిచింది. మూడేళ్ళుగా సాగిన 88 వరుస విజయాల పరంపర అక్కడ తెగింది. దేశమంతా ఆ పరంపర తెగిందని మాట్లాడుకుంది. వెన్నెముక గురించి మాట్లాడుకున్నవారు తక్కువ. అది 34 ఏళ్ళ తరువాత తన లెక్క తాను చెప్పింది.

అదే ఏడాది వృత్తి జట్ల ఎంపికలో మొట్టమొదటి పేరు వాల్టన్‌దే. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ ట్రెయిల్ బ్లేజర్స్ తీసుకుంది. మొదటి రెండేళ్ళూ దెబ్బలతోనే సరిపోయింది. 1976లో జాక్ రామ్సే కోచ్‌గా వచ్చారు. 1977 జూన్ 5న పోర్ట్‌లండ్ ఫిలడెల్ఫియాను 109-107తో ఓడించి ఛాంపియన్ అయింది. మొదటి రెండు ఆటలూ ఓడి, తరువాత నాలుగూ గెలిచారు. ఆఖరి ఆటలో వాల్టన్ 20 పాయింట్లు చేశాడు, 23 రీబౌండ్లు పట్టాడు, ప్రత్యర్థులు వేసిన బంతుల్ని 8 సార్లు అడ్డుకున్నాడు. మన తెలుగువాళ్ళు న్యూయార్క్‌లో మొదటి ఉత్తర అమెరికా తెలుగు మహాసభ జరుపుకున్నది ఆ 1977లోనే. మనం ఈ దేశంలో వేళ్ళు పాతుకుంటున్న ఏడాదికి అతను వృత్తి శిఖరం మీద ఉన్నాడు.

మరుసటి ఏడాది పోర్ట్‌లండ్ మొదటి 60 ఆటల్లో 50 గెలిచింది. అప్పుడు పాదం మొరాయించింది. ఏడాది మొత్తం మీద 58 ఆటలే ఆడినా ఉత్తమ ఆటగాడి బహుమానం అతనికే ఇచ్చారు. 1978 ఏప్రిల్‌లో సియాటిల్‌తో ప్లేఆఫ్ ఆటలు వచ్చాయి. జట్టుకు అతను కావాలి, ఊరికి అతను కావాలి, అతనికీ ఆడాలని ఉంది. నొప్పి తెలియకుండా పాదానికి ఇంజక్షన్ తీసుకుని దిగాడు. ఆట తరువాత ఎక్స్‌రే తీస్తే ఎడమ పాదంలో నవిక్యులర్ ఎముక విరిగి ఉంది.

వైద్యులైన పాఠకులు క్షమిస్తే, మిగిలినవారి కోసం ఆ ఎముక గురించి నాలుగు మాటలు. పాదం మధ్యలో, లోపలి వైపు, చిన్న పడవ ఆకారంలో ఉంటుంది. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం కూడా అదే. పరుగెత్తి ఎగిరేటప్పుడు బరువంతా దాని మీద కేంద్రీకరిస్తుంది. దాని నడిమి భాగానికి రక్త ప్రసారం తక్కువ కాబట్టి పగుళ్ళు తొందరగా అతకవు. సన్నని పగులు ఎక్స్‌రేలో మొదట కనబడకపోవచ్చు కూడా. దానికి ముఖ్యమైన మందు: ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు ఆ కాలు నేల మీద మోపకుండా ఉండడం. ఆటగాడికి అన్నిటికంటే కష్టమైన మందు అది. ఇక ఇంజక్షన్ చేసే పనేమిటి? పగులును అతికించదు. ఇంట్లో పొగ వస్తుంటే గంట మోగకుండా తీగ కత్తిరించడం లాంటిది.

వాల్టన్ తనకు జరిగిన చికిత్స తీరును తీవ్రంగా ఆక్షేపించాడు. మరుసటి ఏడాది మొత్తం ఆడలేదు, తనను వేరే జట్టుకు పంపమన్నాడు. 1979లో సొంత ఊరి జట్టు శాన్ డియేగో క్లిప్పర్స్‌లో చేరాడు. పోర్ట్‌లండ్‌తో తెగతెంపులు చేదుగా జరిగాయి. తప్పు ఎవరిది ఎంత అన్న వాదం ఏళ్ళ తరబడి సాగింది. అయితే 2009లో అతనే పోర్ట్‌లండ్ వెళ్ళి, తాను వెళ్ళిపోయిన తీరుకు ఆ ఊరివారికి క్షమాపణ చెప్పుకున్నాడు. అడిగిన డాక్టరు ఉండవచ్చు, ఆశించిన యజమాని ఉండవచ్చు, కాదనలేని ఆటగాడూ ఉన్నాడు. అందరూ గెలవాలనుకున్న ఆ గదిలో ఆ రోజు లేనిది ఒక్కరే: గెలుపుతో సంబంధం లేకుండా ఆగమని చెప్పగలవాడు.

సున్నల కాలం

వాల్టన్ 1974-75 నుంచి 1987-88 దాకా పద్నాలుగు సీజన్లలో ఏయే ఏడు ఎన్ని ఆటలు ఆడాడో వరుసగా చూడండి: 35, 51, 65, 58, సున్న, 14, సున్న, సున్న, 33, 55, 67, 80, 10, సున్న. కూడితే 468. సీజనుకు 82 చొప్పున 1148 ఆటలు ఆడవలసినవాడు. 680 ఆటలు ఒడ్డున కూర్చుని చూశాడు.

మనవాళ్ళ జాతకంలో ఇన్ని సున్నలుంటే ఏ శాంతి చేయించాలని అడుగుతాం. వాల్టన్ ఆ సున్నల్లో మూడు పనులు చేశాడు.

మొదటిది, పాదం సంగతి తేల్చుకున్నాడు. 1981లో పాదం వంపునే మార్చే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నాడు. అది అతన్ని మునుపటిలా చేయలేదు గాని మళ్ళీ ఆడగలిగేలా చేసింది.

రెండోది, మళ్ళీ బడికి వెళ్ళాడు. స్టాన్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదవడానికి చేరాడు. కొంతకాలం వారమంతా తరగతులకు వెళ్ళి వారానికొక ఆట ఆడేవాడు. ఆ డిగ్రీ పూర్తి చేయలేదు. అయితే అంతటి కళాశాలలో అడుగుపెట్టగలిగింది యు.సి.ఎల్.ఎ.లో సంపాదించిన మార్కుల వల్ల కదా! కాలేజీలో ఆటగాడిగా ఉన్నప్పుడు చదువును గాలికి వదిలి ఉంటే, పాదం విరిగిన రోజున అతని చేతిలో ఏమీ మిగిలేది కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. మాట్లాడడం నేర్చుకున్నాడు. అప్పటికతనికి 28 ఏళ్ళు. ఒక విందులో అతనికి మార్టీ గ్లిక్‌మన్ అనే పెద్దాయన తారసపడ్డారు. న్యూయార్క్ రేడియోలో క్రీడా వ్యాఖ్యాతగా పేరు మోసిన మనిషి. గ్లిక్‌మన్‌ది కూడా ఆగిపోయిన పరుగే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా రిలే జట్టుకు ఎంపికై అక్కడిదాకా వెళ్ళారు. యూదులైన ఆయన్ని, సామ్ స్టోలర్‌నూ ఆఖరి నిమిషంలో జట్టు నుంచి తప్పించారు. తన తప్పు లేకుండా మైదానం ఒడ్డున నిలబడవలసివస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి, నత్తితో తంటాలు పడుతున్న ఈ కుర్రవాడిని పక్కకు పిలిచి కొన్ని చిట్కాలు చెప్పారు. ఆలోచనను నిదానం చేసుకో, పుస్తకం తీసి రోజూ పైకి చదువు, దవడ కండరాలు గట్టిపడడానికి చక్కెర లేని చూయింగ్ గమ్ నములు. వినడానికి అమ్మమ్మ వైద్యంలా ఉంటాయి. వాల్టన్ వాటిని ఆటలో సాధన చేసినట్లే సాధన చేశాడు. తన జీవితంలో సాధించినవాటిలో మాట్లాడడం నేర్చుకోవడమే పెద్దదని, అదే చుట్టుపక్కలవాళ్ళకు పెద్ద పీడ కూడా అయిందని తరువాత తనమీద తానే హాస్యమాడుకునేవాడు.

ఆరో మనిషి

1985 నాటికి అతనికి 32 దాటాయి. మిగిలిన కాస్త శక్తిని మంచి జట్టులో ఖర్చు పెట్టాలనుకున్నాడు. లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను అడిగితే, పాదాల ఎక్స్‌రేలు చూసి వద్దన్నారు. బోస్టన్ సెల్టిక్స్ పెద్ద రెడ్ అవర్‌బాక్‌కు ఫోన్ చేశాడు. ఆ సమయానికి ఆ గదిలో లారీ బర్డ్ కూర్చుని ఉన్నాడట. బిల్ ఆడగలనంటే నాకు చాలు, తీసుకోండి అన్నాడని చెబుతారు. బోస్టన్ తన ఆటగాడు సెడ్రిక్ మాక్స్‌వెల్‌ను ఇచ్చి, ఈ విరిగిన పాదాల మనిషిని తీసుకుంది.

ఇక్కడ ఆట తెలియని పెద్దల కోసం ఒక మాట. బాస్కెట్‌బాల్‌లో అయిదుగురు మొదట దిగుతారు. మిగిలినవారు బల్ల మీద కూర్చుంటారు. వారిలో ముందుగా పిలుపు వచ్చేవాడు ఆరో మనిషి. బోస్టన్‌లో వాల్టన్ స్థానంలో అప్పటికే రాబర్ట్ పారిష్ ఉన్నాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడనిపించుకున్నవాడు పారిష్ అలిసినప్పుడు లేచి, ఆటకు సుమారు 19 నిమిషాలు ఆడి, మళ్ళీ వచ్చి కూర్చోవాలి.

ఈ పరిస్థితి మనకు కొత్తది కాదు. గుంటూరులోనో, కాకినాడలోనో, వరంగల్లులోనో పేరున్న సర్జన్‌గా పనిచేసి, ఈ దేశం వచ్చి పరీక్షలు మళ్ళీ రాసి, తనకంటే పదేళ్ళు చిన్నవాడి కింద ఇంటర్న్‌గా రాత్రి డ్యూటీలు చేసిన డాక్టర్లు మన మధ్య ఎందరో ఉన్నారు. అక్కడ చీఫ్ ఇంజనీరుగా సంతకాలు పెట్టి ఇక్కడ డ్రాయింగు బల్ల దగ్గర కూర్చున్నవారూ ఉన్నారు. తగ్గడం వేరు, తక్కువ కావడం వేరు అని వారిని చూస్తే తెలుస్తుంది. వాల్టన్‌కూ ఆ తేడా తెలిసింది. 1985-86లో 82 ఆటలకు 80 ఆడాడు. తన జీవితంలో అంతకు ముందు గాని, తరువాత గాని అన్ని ఆడలేదు. బోస్టన్ 67 గెలిచి 15 ఓడింది, ఫైనల్‌లో హ్యూస్టన్‌ను ఓడించి ఛాంపియన్ అయింది. ఉత్తమ ఆరో మనిషి బహుమానం వాల్టన్‌ది. ఉత్తమ ఆటగాడు, ఉత్తమ ఆరో మనిషి బహుమానాలు రెండూ పొందడం అంతకు ముందు ఎవరికీ జరగలేదు.

మరుసటి ఏడాది 10 ఆటలు. ఆ తరువాత మళ్ళీ సున్న. చీలమండలకు కీళ్ళు కదలకుండా ఎముకలు కలిపే ఆపరేషన్లు చేయవలసివచ్చింది. ఆట అయిపోయింది.

మాటే వృత్తి అయింది

ఆట అయిపోయిన చోట రెండో వృత్తి మొదలైంది. నత్తితో పెరిగిన మనిషి టెలివిజన్‌లో వ్యాఖ్యాత అయ్యాడు. ఎన్.బి.సి.లో, ఇ.ఎస్.పి.ఎన్.లో ఏళ్ళ తరబడి మాట్లాడాడు. మాట్లాడడమంటే మామూలుగా కాదు. ఆట చూపిస్తూ అగ్నిపర్వతాల గురించి, నదుల గురించి, తనకు ప్రాణమైన గ్రేట్‌ఫుల్ డెడ్ పాటల బృందం గురించి చెప్పుకుపోయేవాడు. కొందరికి అది విసుగు, ఎక్కువమందికి వినోదం. 1993లో అతని పేరు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. నలుగురు కొడుకులూ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడారు. వారిలో లూక్ 2009, 2010లలో లేకర్స్ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు.

కథ ఇక్కడ ఆగితే సుఖాంతమే. 2008లో 1974 నాటి వెన్నెముక కుప్పకూలింది. కూర్చోలేడు, నిలబడలేడు. ఇంట్లో నేల మీద పడుకునే తిన్నాడు, నేల మీద పడుకునే నిద్రపోయాడు. ఉద్యోగం వదులుకున్నాడు. ఆ బాధలో బతుకు ముగించుకోవాలన్న ఆలోచనలు వచ్చాయని తరువాత తానే దాచకుండా చెప్పాడు. 2009లో వెన్నెముకకు లోహపు కడ్డీలు, మేకులు బిగించే ఎనిమిది గంటలకు పైబడిన ఆపరేషన్ జరిగింది. మెల్లమెల్లగా లేచాడు, నడిచాడు, సైకిలెక్కాడు. 2012లో మళ్ళీ టెలివిజన్ ముందుకు వచ్చాడు. 2016లో తన జీవితకథ పుస్తకంగా వేశాడు. మృత్యువు నుంచి తిరిగివచ్చానని అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి.

ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు అతను తన ధైర్యం గురించి తక్కువ, తనకు సాయపడినవారి గురించి ఎక్కువ చెప్పేవాడు. మన కుటుంబాల్లో నొప్పి, దిగులు బయటికి చెప్పుకోవడం పరువు తక్కువనుకునే అలవాటు ఇంకా పోలేదు. ఏడడుగుల ఛాంపియన్ చెప్పుకోగా లేనిది మనకెందుకు సిగ్గు?

మనవాళ్ళలో ఒకరు

ఇదంతా అమెరికా కథ అనుకునేవారికి మన పుల్లెల గోపీచంద్‌ను గుర్తు చేయాలి. 1994లో ఆడుతూ మోకాలి లిగమెంటు తెగింది, ఆపరేషన్లు జరిగాయి. 2001 మార్చిలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ ఛాంపియన్ అయ్యాడు. ఆ మోకాలితో ఎక్కువకాలం ఆడలేకపోయాడు. 2008లో హైదరాబాదులో తన అకాడమీ తెరిచాడు. ఆయన శిక్షణలోనే పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. దెబ్బ తిన్న ఆటగాడి రెండో వృత్తి మొదటిదాని కంటే పెద్దది కావచ్చుననడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మనకు అక్కరలేదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

కాలేజీలో ఆడేవారిలో నూటికి ఇద్దరు కూడా ఎన్.బి.ఎ. దాకా వెళ్ళరు. కాబట్టి ఆట ద్వారా వచ్చే చదువే అసలు లాభం. అది పోకుండా చూసుకోవడానికి మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

స్కాలర్‌షిప్ ఇస్తామంటే ఎన్నేళ్ళకో అడగండి. 1973లో ఎన్.సి.ఎ.ఎ. నాలుగేళ్ళ హామీ తీసేసి ఏడాదికేడాది పొడిగించే పద్ధతి పెట్టింది. 2012 నుంచి ఎక్కువ ఏళ్ళకు ఇవ్వడానికి కాలేజీలకు మళ్ళీ వీలు కలిగింది. దెబ్బ తగిలితే స్కాలర్‌షిప్ ఉంటుందా, వైద్యం ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద చూసి సంతకం పెట్టండి. ఇల్లు కొనేటప్పుడు ఒక్కొక్క పేజీ చదివే మనం, పిల్లల విషయంలో మొహమాటపడడం తగదు.

గాయపడ్డ పిల్లవాడు ఆడవచ్చునని చెప్పే అధికారం ఎవరిదో అడగండి. 2016లో పెద్ద అయిదు కాన్ఫరెన్సుల కాలేజీలు ఈ విషయంలో తుది మాట కోచ్‌ది కాదని, వైద్య సిబ్బందిదేనని నియమం పెట్టుకున్నాయి. మీ ఊరి హైస్కూల్లో అటువంటి నియమం ఉందో లేదో తెలుసుకోండి. లేకపోతే ఆ మాట చెప్పవలసినవారు మీరే.

అమ్మాయిలకు మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా నేర్పే వ్యాయామాలున్నాయి. అవి చేయిస్తున్నారా అని అడగండి. వుడెన్ గారు మేజోళ్ళ దగ్గర మొదలుపెట్టినట్లు, మనమూ చిన్న విషయాల దగ్గరే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, మీ అబ్బాయి గాని అమ్మాయి గాని కుంటుతూ ఇంటికి వచ్చి ఏమీ లేదంటే నమ్మకండి. వచ్చే శనివారం ఆట ఎంత పెద్దదైనా ఒక్క శనివారమే. ఆ పాదం మీద వాళ్ళు ఇంకా అరవై ఏళ్ళు నడవాలి.

కాలేజీ జట్లలో ఆడుతున్న, ఒకప్పుడు ఆడిన మన పిల్లలు ఉంటే తమ అనుభవాలు పత్రికకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాం. తెలుగులో రాయడం కష్టమైతే వాళ్ళు చెప్పండి, అమ్మానాన్నలు రాస్తారు. ఆ మిషతోనైనా ఇద్దరూ ఓ గంట కలిసి కూర్చుంటారు.